సగం గిలాస పల్లీలు

ఆగాగు, గట్లనే పొయ్యకు. ఏమన్నదన్నవు ఆ ఫోన్ల వంట జేసే ఆమె? నూటయాభై గ్రాముల పల్లీలా? కాంటా ఏమాయె మరి? దాని సెల్లు అయిపోయిందా? మొన్ననే గదనే మీ నాయిన తెచ్చింది. సరె పోనీ, కాంటా లేకపోతే నీ పల్లీల కత్లీ కాదా ఏంది, గిలాస ఉన్నది గదా. ఆ చిన్న స్టీలు గిలాస తియ్యి. కని ఒకటి జెప్పు సుమనా, అది గింజలకు జెప్పిందా, పిండికి జెప్పిందా? తేడా ఏందంటవా? అగో, కాలేజీ చదివినవు, గింత తెల్వదా? గింజలు గింజలుగ తలగొట్టి పోస్తే ఇసొంటి గిలాసకు నూరు గ్రాములు వడ్తయి. అవే పల్లీలు దంచి పోస్తే డెబ్బై. బాదాం గూడ గంతే, గింజగ ఉంటే ఒక తీరు, తురిమితే ఒక తీరు. నువ్వులైతే సన్నగింజ, సందు లేకుంట గూసుంటయి, నూరుకు దగ్గర దగ్గర వస్తయి. కాజు నూరుకు జర తక్కువ. ఏంది అట్ల నోరు తెరిచి జూస్తున్నవు? నేను ఇస్కూలు మొకం జూడలే, నిజమే. ఈ లెక్క నాకు సోమలింగం నేర్పిండు. ఎవరా? నీకెట్ల ఎర్కైతది, నువ్వు పుట్టకముందు ముచ్చట. మీ నాయినకు అప్పుడు అయిదేండ్లు. గా మంచమ్మీద కూసో, నిలబడి వింటే కాళ్లు గుంజుతయి.

మా దిక్కు అప్పట్ల జోకుడు తక్కువ, కొలుసుడే ఎక్కువ. సోలెడు, గిద్దెడు, తవ్వెడు, మానెడు. మా అవ్వ కంచరోళ్ల తాన కొన్న సోల ఒకటి ఉండె, అంచు అరిగిపోయి ఒక దిక్కు పల్సగైంది. దాంతోటే బియ్యం, దాంతోటే పప్పు, దాంతోటే పల్లీలు. అడిగినోళ్లకు దాంతోటే బదులు ఇస్తుండె, మళ్ల దాంతోటే తీసుకుంటుండె. బరువు ఎంతా అని అడిగినోడు లేడు. సూరత్‌కు వచ్చినంక సూస్తే ఈడ అన్నీ జోకుడే. ఉల్లిగడ్డ జోకుడు, బెల్లం జోకుడు, పిడకలు గూడ జోకి ఇస్తుండె లింబాయత్‌ల ఒకాయన. నేను ఓంప్రకాష్ దుకాణంల నిలబడి 'సోలెడు కందిపప్పు ఇయ్యి' అంటె ఆయన నవ్విండు. మార్వాడాయన, మంచోడే, కని నోటి దురుసు. 'సోలా క్యా హోతా హై బహెన్, సోలా ఆనా?' అని, వాళ్ల భాషల సోలా అంటె పదహారు గదా. నాకు సిగ్గైంది. ఆ సంది మీ తాతనే పంపేదాన్ని సామాన్లకు.

ఆ, సోమలింగం. మాది ఒకటే చాలీ. పొడుగ్గ రేకుల షెడ్డు తీరు ఇండ్లు, ఇటు ఆరు అర్రలు, అటు ఆరు, నడుమ నీళ్ల నల్ల. మాది మూడోది, ఆయనది నాలుగోది. సిరిసిల్ల దిక్కే వాళ్లది గూడ, మా ఊరికి రెండు ఊర్లు అవతల. నాకన్న చిన్నోడు, నన్ను అక్కా అనేటోడు, నేను తమ్మీ అనేదాన్ని. సన్నగ, పొడుగ్గ, మాట తక్కువ. సాంచల పని. సాంచలంటె ఎర్కనే గదా, గుడ్డ నేసే మిషన్లు, ఆ చప్పుడుకు అందరు గట్టిగ మాట్లాడ్తరు, ఈయన మాత్రం ఇంట్ల గూడ మెల్లగనే మాట్లాడేది. పనిల మాత్రం పక్కా. దారం చుట్టిన కండె చేతిల వట్టుకొని, కంటికి నిండుగ కనవడ్డా సరే, 'ఇది గాలి కండె, లూజుగ చుట్టిండ్రు, గంటల అయిపోతది' అని చెప్పేటోడట. మీ తాత చెప్పేది, వాడు చెప్పినంక గడియారం జూస్తే గంటకే అయిపోయేది అని.

ఆయన పెండ్లాం జమున. బంగారమసొంటి పిల్ల. ఆమెకు ఛాతి రోగం పట్టింది, టీబీ. ఇప్పుడు గోలీలు మింగి పనికి పోతున్నరు గని అప్పుడు అట్ల కాదు, ఆమెకు బాగా ముదిరింది, సర్కారు దవాఖానల ఉంచుకున్నరు, పిల్లను దగ్గరికి రానియ్యొద్దన్నరు. పిల్లేమో ఊర్మిళ, ఏడాది దాటి రెండు నెలలు. నడవాల్సిన పిల్ల. కూసోబెడితే పక్కకు ఒరుగుతుండె. చేతులు ఇట్ల, నా బొటనవేలు లావు. ఏడ్సుడు గూడ శాతకాకపోయేది, సన్నగ మూలుగుతుండె. సోమలింగంకు దిన్ పాలీ. పొద్దుగాల ఏడింటికి పోతే మళ్ల ఏడింటికి రావుడు. పిల్లనెవరు జూడాలె? ఊరికి పంపుదమంటె అక్కడ ముసలి తల్లి ఒక్కతే, కండ్లు కనరావు. నేను అన్న, 'నా తాన ఉంచు తమ్మీ, నా పోరనితోటి పాటు ఇది గూడ ఉంటది' అని. ఎవరన్న అంటరు, గొప్ప ఏం లేదు దాంట్ల.

పిల్లను దవాఖానకు తీస్కపోతే డాక్టరమ్మ, గుజరాతీ ఆమె, కండ్లద్దాలు, పిల్లను గుడ్డల ఏసి తరాజుకు ఏలాడదీసి జోకింది. ఆరు కిలోలు గూడ లేదు. జోకి, కాయితం మీద రాసిచ్చింది. మందులేం కాదు, తిండి. ఆ కాయితం ఓంప్రకాషే సదివి చెప్పిండు మాకు. రోజుకు సింగ్దానా యాభై గ్రాములు, అంటె పల్లీలు, ఏంచి, పొట్టు తీసి, మెత్తగ దంచాలె, పలుకు ఉండొద్దు, పలుకుంటె పిల్ల గొంతుల పడ్తది. దాంట్ల పాలు, బెల్లం, బియ్యప్పిండి, చెంచ నూనె, ఉడకవెట్టి నాలుగు మాట్ల తినిపియ్యాలె. పదిహేను దినాలకొకపారి తీస్కొచ్చి జోకియ్యాలె. ఇంతే.

ఇంతేనంటె ఇంతేనా? తరాజు ఎవరింట్ల ఉన్నది? రోజు పొద్దుగాల పాలీకి పోయే ముందు సోమలింగం ఏంచిన పల్లీల పొట్లం వట్టుకొని ఓంప్రకాష్ దుకాణం ముందట నిలబడుడు. అది చాయపత్తా, పాలు, బీడీలు అమ్ముడువోయే టైము, ఇరవైమంది చెయ్యి సాపి నిలబడ్తరు. ఓంప్రకాష్ మొదట మొదట జోకిచ్చిండు. నాలుగో దినం 'అరే అన్నా, సుబే సుబే పచాస్ గ్రామ్ కే లియే తరాజు నహీఁ రోకూంగా' అని, పొద్దుగాల పొద్దుగాల యాభై గ్రాములకు తరాజు ఆపనని కసిరిండు. అప్పుడు సోమలింగం ఏం జేసిండంటె, తన ఇంట్ల చిన్న స్టీలు గిలాస తీస్కపోయిండు. నడుమ కంపెనీవాడు ఒత్తిన గీర ఉంటది సూడు, గుండ్రంగ, అట్లాంటిది. యాభై గ్రాముల రాయి పెట్టి జోకిన పల్లీలు గిలాసల పోస్తే సరిగ్గ ఆ గీర కాడికి వచ్చినయి. ఇగ తరాజు లేకున్నా పాయె. వారానికి ఒక్కపారి, కార్ఖానా బందున్న రోజు, మూడు వందల యాభై గ్రాములు జోకిచ్చి డబ్బాల పోసిచ్చేది నాకు, గిలాస గూడ నా తాన్నే ఉంచిండు. 'అక్కా, రోజుకు గిలాసల గీర కాడికి' అన్నడు. ఇరవైసార్లు చెప్పలే, ఒక్కసారే చెప్పిండు.

మొదటి పదిహేను దినాలు నేను అట్లనే జేసిన. పొద్దుగాల గింజలు గీర కాడికి పోసుడు, ఇనుప దస్తాల, అంటె గా చిన్న రోట్ల, ఏసి దంచుడు. పిల్ల తినుడు మొదలువెట్టింది. అబ్బ, మొదటి దినం ముద్ద మింగి మళ్ల నోరు తెరిచింది సూడు, నాకు ఏడుపొచ్చింది. పదిహేను దినాలకు జోకితే మూడు వందల గ్రాములు పెరిగింది. డాక్టరమ్మ సోమలింగం భుజం తట్టిందట. ఆయన ఇంటికొచ్చి నాకు చెప్తూ చేతివేళ్లతోటి ఇంత అని చూపిచ్చిండు, మూడు వందల గ్రాములు కంటికి ఎట్ల కనవడ్తదే, కని చూపిచ్చిండు.

ఇగ ఆ దస్తా ముచ్చట. మాకు ఎదురు అర్రల తిరుమల అని ఒకడు ఉండె, పెండ్లి కానోడు, రాత్ పాలీ. పొద్దుగాల ఎనిమిదింటికి వచ్చి పండుకుంటడు, నేను ఎనిమిదిన్నరకు టంగు టంగు అని మొదలువెడ్తా. వాడు తలుపు తీసి 'సారక్కా, నీ కాళ్లు మొక్కుత, నాకు నిద్ర లేక సాంచల చెయ్యి పోతది' అన్నడు. నిజమే గదా పాపం. నేను ఏమనుకున్న, రోజు దంచుడెందుకు, వాడు బయటికి పోయే ఆ సాయంత్రం పూట ఒక్కసారే వారానిది దంచి డబ్బాల పెట్టుకుంటె అయిపోతది గదా అని. అట్లనే జేసిన. డబ్బెడు పిండి. రోజు పొద్దుగాల గిలాసల గీర కాడికి పిండి తీసుడు, ఉడకవెట్టుడు, పిల్లకు తినిపిచ్చుడు. చప్పుడు లేదు, చేతినొప్పి లేదు. నేను తెలివిగల్లదాన్నే అనుకున్న.

వారం అయిపోయినంక సూస్తే డబ్బాల పిండి ఇంక ఉన్నది. గిలాసన్నర ఉన్నది. సోమలింగం ఏడు దినాలకని జోకిచ్చిండు, ఏడు దినాలు నేను గీర తప్పకుంట పెట్టిన, మరి ఇదెక్కడిది? నాకు ఏం తోచిందంటె, దంచితే పెరిగింది అని. బియ్యం ఉడికిస్తే పెరగదా, అటుకులు ఏంచితే పొంగయా, గట్ల. నీకు నవ్వొస్తది. నవ్వు. మరి అప్పుడు మా ఇంట్ల ఎట్లుండెనో తెల్వదు నీకు. మీ తాత పనిచేసే కార్ఖానా సేట్లు అన్నదమ్ములు పంచాయితీ వడి తాళం ఏసిండ్రు. రెండు నెల్లు. మీ తాత సూరత్ పక్కన సచిన్ అనే ఊరి దిక్కు, ఉధ్నా దిక్కు రోజు పని అడుగుడు, ఒకనాడు దొరుకుడు, నాలుగు నాళ్లు లేకపోవుడు. ఉన్న రొట్టె మీ తాతకు, మీ నాయినకు. నేను పొద్దుగాల చాయ తాగితే మళ్ల పొద్దుమూకిందాక చాయనే. ఎవలకు చెప్పలే. చాలీల చెప్పుకుంటె పలుచనైతమని. అసొంటప్పుడు డబ్బాల గిలాసన్నర పల్లీల పిండి మిగిలి ఉన్నది. ఏంచిన పల్లీల వాసన.

తలుపు దగ్గరేసి, ఇంత బెల్లం కలుపుకొని తిన్న. ఒక్కదాన్నే తినలే, రెండు ముద్దలు మీ నాయినకు గూడ పెట్టిన. ఆయనకు చెప్పకు. మిగిలినయి నేనే తిన్న. కడుపుల వెచ్చగైంది. పిల్లకు తక్కువ జేసి తింటున్న అన్న మాట నా మనసుల లేదు సుమనా, గీర కాడికి గీర కాడికి పెట్టిన, ఇది పెరిగింది, ఇది పైది. రెండో వారం గూడ అట్లనే మిగిలింది. అట్లనే తిన్న.

పదిహేను దినాలైనయి. సోమలింగం పిల్లను జోకియ్య తీస్కపోయిండు. పిల్ల ఒక్క గ్రాము పెరగలే. ఉన్నదే జర తగ్గిందట. డాక్టరమ్మ కండ్లద్దాలు తీసి, 'ఆ సింగ్ కోణ్ ఖాయ్ ఛే?' అన్నదట. అంటె, ఈ పల్లీలు తింటున్నది ఎవరని. మళ్ల హిందీల, 'తుమ్ ఖాతే హో? ఘర్ మే కౌన్ ఖాతా హై?' అని, నువ్వు తింటున్నవా, ఇంట్ల ఎవరు తింటున్నరని, అందరి ముందట. ఆయన తల వంచుకొని వచ్చిండు. ఇంటికొచ్చి పిల్లను నాకు ఇయ్యలే. నేను చేతులు సాపిన, ఆయన పక్కకెళ్లి పోయిండు. తర్వాత వచ్చి మా గూట్లె ఉన్న ఖాళీ డబ్బా, గిలాస తీస్కపోయిండు. అర్రలకెళ్లి డబ్బాల గింజలు పోసిన చప్పుడు, ట్రంకుపెట్టె మూత పడ్డ చప్పుడు, తాళం చప్పుడు. చాలీల గోడలు రేకులే గదా, అన్ని వినవడ్తయి. నేను గోడకు ఇటుదిక్కు నిలబడి విన్న.

తెల్లారి పొద్దుగాల తలుపు కొట్టి, పిల్లను తెచ్చి మా అర్రల పండవెట్టిండు. చేతిల గిలాస. గింజలు గీర కాడికి పోసి, గిలాస ముందటికి వెట్టి, 'ఇవ్వాళ్టివి అక్కా' అన్నడు. నా మొకం జూడలే. తాళంచెయ్యి మొలతాడుకు కట్టి ఉన్నది, అంగీ కింద కనవడ్తున్నది. ఇగ నాకు ఎక్కడ లేని కోపమొచ్చింది. నల్ల కాడ అందరు ఉన్నరు, బిందెలు పట్టుకొని. నేను అక్కన్నే, వాకిట్లనే దస్తా పెట్టుకొని కూసున్న. 'చూడుండ్రి! అందరు చూడుండ్రి! నేను పిల్ల కడుపు కొడుతున్ననట, పల్లీలు బుక్కుతున్ననట! ఇగో, ఈయన కొలిచిచ్చినయి, గీర కాడికి ఉన్నయి, చూసిండ్రా?' అని గింజలు దస్తాల ఏసి దంచిన. ఆ రాత్రి పాలీకి పోని తిరుమల తలుపు తీసి చూసి మళ్ల తలుపు పెట్టుకున్నడు. దంచి దంచి పిండి చేసి, ఒక్క చిటికె కింద పడకుంట మళ్ల గిలాసల పోసిన. 'ఇప్పుడు చూడు తమ్మీ, తగ్గిందా? నేను తిన్ననా?' అని గిలాస ఆయన ముక్కు కాడికి వెట్టిన.

గీర మునిగిపోయింది. గీరకు మీద, ఇంత, వేలెడు మీదికి వచ్చింది పిండి. ముప్పావు గిలాస లెక్క. నల్ల కాడ ఆడోళ్లు నవ్విండ్రు, 'తగ్గుడేంది, పెరిగింది గదా' అని. నేను గూడ గెలిచిన అనుకున్న. సోమలింగం నవ్వలే. గిలాస చేతిల వట్టుకొని చాలాసేపు జూసిండు. అటు తిప్పి ఇటు తిప్పి జూసిండు. తర్వాత మెల్లగ అడిగిండు, 'అక్కా, ఈ రెండు వారాలు నువ్వు కొలిచి దంచినవా, దంచి కొలిచినవా?' అని. 'దంచే కొలిచిన, తిరుమల నిద్ర చెడుతుందని వారానిది ఒక్కసారే దంచిన' అన్న. ఆయన పాలీ టైముకు పోలే ఆనాడు. గిలాస వట్టుకొని అట్లనే ఓంప్రకాష్ దుకాణం దిక్కు నడిచిండు. నేను పిల్లను సంకల ఏసుకొని ఎనుకవడ్డ. నాకు ఇంక కోపం పోలే, ఏం జేస్తడో చూద్దమని.

ఓంప్రకాష్ కసిరిండు గని ఈయన మొకం చూసి ఊకున్నడు, తరాజు ఇచ్చిండు. సోమలింగం మొదట గిలాసల పిండి మొత్తం తరాజుల పోసి, ఇంకో దిక్కు యాభై గ్రాముల రాయి పెట్టిండు. సరిగ్గ నిలబడ్డది. మళ్ల ఆ పిండిని గిలాసల పోసుకొని, గీర కాడికి మాత్రమే ఉంచి, మీదిది కాయితంల తీసిండు. గీర కాడికి ఉన్నదాన్ని తరాజుల పోసిండు. రాయి ఉన్న దిక్కు ధడేల్మని కిందికి వోయింది. పిండి దిక్కు పైకి లేచింది. నేను అట్లనే చూస్తున్న. ఓంప్రకాష్ అన్నడు, 'మాల్ వహీ హై అన్నా, ఫూల్ గయా'. సరుకు అదే, పొంగింది అంతే అని. సోమలింగం నా దిక్కు తిరిగి, 'గాలి కండె అక్కా. కంటికి నిండు, లోపల గాలి. యాభై అనుకొని ముప్పై అయిదు పెట్టినం పిల్లకు' అన్నడు. పెట్టినం అన్నడు. పెట్టినవు అనలే.

దుకాణంల ఇనుప మొల ఒకటి అడిగి తీసుకొని, పిండి యాభై గ్రాములకు ఎక్కడికి వస్తదో అక్కడ గిలాస మీద గీసిండు. వాకిట్లకు వచ్చినంక నల్ల కాడ ఇంక జనం ఉన్నరు. ఆయన అందరి ముందట చేతులు జోడిచ్చిండు. 'సారక్క ఏం తప్పు చెయ్యలే. నాకు కొలుసుడు రాలే. తప్పు నాది. నేను తాళం ఏసిన, నా చేతులు విరగ' అన్నడు. మెల్లగ మాట్లాడే మనిషి, ఆనాడు సాంచల కాడ మాట్లాడినట్టు గట్టిగ అన్నడు. పోయి ట్రంకుపెట్టె తెరిచి డబ్బా తెచ్చి మా గూట్లె మళ్ల పెట్టిండు. నేనేం జేసిన? కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్సిన. అందరు ఓదార్చిండ్రు నన్ను.

ఆయన మిగిలిన సగం పూట పాలీకి పోయినంక, పిల్లకు తినిపిచ్చుకుంట కూసున్న. కొత్త గీత కాడికి పోసిన పిండి. అప్పుడు తట్టింది నాకు. గీర కాడికి పెడితే ముప్పై అయిదే అయితే, మిగిలిన ఆ పదిహేను ఏమైంది? వారానికి ఏడు పదిహేన్లు. అది పెరిగిన పిండి కాదు. అది ఊర్మిళది. అదే గిలాసన్నర. నేను తలుపు దగ్గరేసుకొని తిన్నది అది. చేతిల ముద్ద చేతిల్నే ఆగింది. పిల్ల నోరు తెరుచుకొని చూస్తున్నది. డాక్టరమ్మ అడిగింది తప్పే కాదు. తింటున్నది నేనే. తెల్వకుంట తిన్న, కని తిన్నది నేనే.

చెప్పాలె అనుకున్న. సాయంత్రం వస్తడు గదా, చెప్పాలె. వచ్చిండు, 'అక్కా' అని పిలిచిండు, పిల్ల తిన్నదా అని అడిగిండు, తిన్నది అన్న. అంతే. మళ్ల నాడు చెప్తా అనుకున్న. అందరి ముందట చేతులు జోడిచ్చిన మనిషికి ఎట్ల చెప్పాలె? చెప్పలే. మీ తాతకు గూడ చెప్పలే. కార్ఖానా మళ్ల తెరిచినంక పావు కిలో పల్లీలు తెచ్చి ఏంచి ఆ డబ్బాల పోసిన, ఒకపారి కాదు, రెండు మూడుమాట్ల. ఆయన ఏం అడగలే.

పిల్ల పెరిగింది. పెరిగిందంటె ఇగ ఆగలే. నెలన్నర తిరిగేసరికి గోడ వట్టుకొని నిలబడ్డది. డాక్టరమ్మ ఆ గిలాస చేతిల వట్టుకొని చూసి, ఈ గీత ఎందుకని అడిగిందట, సోమలింగం చెప్తే 'మై తో గ్రామ్ లిఖ్ దేతీ హూఁ, ఘర్ మే తరాజు కిస్కే పాస్ హై' అన్నదట. నేనైతే గ్రాములు రాసిస్త, ఇండ్లల్ల తరాజు ఎవరి తాన ఉన్నది అని, నాకెప్పుడు తోచలేదు అన్నట్టు. అక్కడ ఉన్న మిగిలిన తల్లులకు గూడ చెయ్యుమన్నది. ఇగ బందు రోజు వచ్చిందంటె ఓంప్రకాష్ దుకాణం అరుగు మీద సోమలింగం, ఆయన చుట్టు గిలాసలు. ఒకామె ఇత్తడిది తెస్తది, ఒకామె పెద్దది తెస్తది, ఒకామె అడుగు సన్నది పైన ఎడల్పుది. ఒక్క గిలాస గీత ఇంకో గిలాసకు పనికిరాదు, ప్రతిదీ మళ్ల జోకాలె. గింజకు ఒక గీత, పిండికి ఒక గీత, పిండిని తట్టి కూరితే ఇంకో లెక్క, అందుకే తట్టొద్దు, గుల్లగ పొయ్యాలె అని ఒక్కొక్కళ్లకు చెప్పుడు. పల్లీలు దొరకనోళ్లకు నువ్వులు జోకిండు, కాజు ముక్కలు సస్తగ దొరికితే అవి జోకిండు. ఓంప్రకాష్ కసురుడు మానిండు, ఆయనే చిన్న స్టూలు ఏసిచ్చిండు కూసోనీకి. నేను పక్కన కూసొని చూసేదాన్ని, అట్ల అట్ల నాకు అన్నీ నోటికి వచ్చినయి.

జమున దవాఖానల చేరిన ఏడో నెలల ఇంటికొచ్చింది, బాగైంది. పిల్ల ఆమె తానికి పోలే, నా కొంగు వట్టుకొని ఏడ్సింది. పది దినాలు పట్టింది. జమున ఏడ్వకుంట ఓపిక పట్టింది. పదో దినం పిల్లనే పోయి ఆమె ఒళ్లె కూసున్నది, నేను ఇంట్లకు వచ్చి గిన్నెలు తోముకున్న.

తర్వాత ఏమున్నది. లింబాయత్‌ల ఆ కార్ఖానాలు కొన్ని సచిన్‌కు పోయినయి, సోమలింగం వాళ్లు గూడ ఆ దిక్కే ఉన్ అనే ఊరికి పోయి కిరాయికి ఉన్నరు. పండుగకు పబ్బానికి కలుస్తుంటిమి. ఊర్మిళ పెండ్లి భీవండిల అయింది, ఆ పిల్లను చూస్తే నమ్మవు, తలుపంత మనిషి. సోమలింగం పోయి పదిహేను పదహారేండ్లు దాటింది. ఊపిరితిత్తులే. సాంచల దుమ్ము. చివరికి నాలుగడుగులు వేస్తే కూసునేది. నేను ఆఖరుసారి చూసినప్పుడు గూడ 'అక్కా, కూసో' అని తను లేవబోయిండు.

దినాల నాడు పోయినం మేము ఉన్‌కు. అందరు తిని పోయినంక ఊర్మిళ నేను ఒక్కదిక్కు కూసున్నం, జమున లోపల పండుకున్నది. ఆ పిల్ల నా చెయ్యి వట్టుకున్నది. నాకు ఇగ ఆగలే. ఎన్నేండ్ల సంది కడుపుల ఉన్నది. 'బిడ్డా, నీకొకటి చెప్పాలె. మీ నాయినకు చెప్పలేకపోయిన. నీ పల్లీలు నేను తిన్న' అన్న. పిండి మిగిలిన ముచ్చట, బెల్లం కలుపుకున్న ముచ్చట, అన్నీ చెప్పిన. ఆ పిల్ల విన్నది. 'నాకు ఎర్కనే పెద్దమ్మా' అన్నది. ఏం ఎర్క, ఎట్ల ఎర్క అన్న. 'నాయిన చెప్పిండు నా పెండ్లప్పుడు. ఆనాడు తరాజు ముందటనే ఎర్కైందట ఆయనకు. గీర కాడికే పెట్టి ఉంటె వారానికి నూరు గ్రాములు మిగలాలె, డబ్బా మాత్రం వారం వారం ఖాళీగ వచ్చింది, మిగిలింది ఎవరు తిన్నరో లెక్క చెయ్యనీకి ఎంతసేపు అని.' అంటె తరాజు కాడ నుంచి వచ్చి, అన్నీ తెలిసి, నల్ల కాడ అందరి ముందట నాకు చేతులు జోడిచ్చిండా? 'మరి ఎందుకే తల్లీ అట్ల చేసిండు' అన్న. ఊర్మిళ అన్నది, 'నేను గూడ అడిగిన పెద్దమ్మా. నాయిన ఏమన్నడంటె, పక్క అర్రల మనిషి పస్తులుండి నా బిడ్డకు ముద్దలు పెడుతుంటె నాకు ఎర్క లేకపోయె, పొద్దుగాల పొద్దుగాల తరాజు వట్టుకొని తిరిగిన, ఆ ఒక్కటి జోకలే నేను, అందుకు మొక్కిన అన్నడు' అని.

…

నల్ల వచ్చినట్టున్నది సూడు. ఆ చప్పుడు అదే. బిందె పెట్టుపో, లేకుంటె పక్కోళ్లు పైపు ఏస్తరు.